ముందు పని, తర్వాతే సిస్టమ్

ఇంటి కంప్యూటర్‌కి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎంచుకోవడం ఎలా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఉచిత మద్దతు ముగిసింది. మర్నాడు పొద్దున్న భావనపాడులో, బారువలో, కాశీబుగ్గలో ఆ కంప్యూటర్లు ఎప్పటిలాగే తెరుచుకున్నాయి. రైలు టికెట్లు బుక్కయ్యాయి, పాటలు మోగాయి, పిల్లల ప్రాజెక్టులు ప్రింటయ్యాయి. తేడా అల్లా తెర మీద అప్పుడప్పుడూ కనిపించే హెచ్చరికే. దాన్ని చూసిన మేనల్లుడో, టెక్కలి రిపేరు షాపు కుర్రాడో తీర్పు చెప్పేస్తాడు: “ఇది ముసిల్దయిపోనాది మావా, కొత్తది తీసీసుకో.”

తీసుకోవాలా వద్దా అన్నది మీ ఇంటి లెక్క. ఈ అధ్యాయం పూర్తయ్యేసరికి ఆ జవాబు మీ చేతిరాతతో కాగితం మీద ఉండాలి. అందుకు పట్టుకోవాల్సిన సూత్రం ఒక్కటే: ముందు పని, తర్వాతే సిస్టమ్. ఇంట్లో ఎవరు కంప్యూటర్‌తో ఏం చేస్తున్నారో రాసుకోకుండా ‘ఏ సిస్టమ్ మంచిది?’ అని పదిమందిని అడిగితే పది జవాబులు వస్తాయి. ఆ పదీ వాళ్లవాళ్ల పనులకు సరిపోయిన జవాబులు.

ఇంతకీ ఆగింది ఏమిటి?

ఏ సిస్టమ్‌లోనైనా లోపాలు బయటపడుతూనే ఉంటాయి. తయారుచేసినవాళ్లు ఎప్పటికప్పుడు వాటికి మరమ్మతులు పంపుతుంటారు. వాటినే అప్‌డేట్లు అంటున్నాం. మద్దతు ముగిశాక కూడా లోపాలు బయటపడతాయి. మరమ్మతులే రావు. ఆగింది అదీ.

దీన్ని తేలిగ్గా తీసుకోకూడదనడానికి దాఖలా మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. 2017 మే 12న వానాక్రై అనే హానికర ప్రోగ్రాము ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. దెబ్బతిన్నవాటిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లూ ఉన్నాయి. శ్రీకాకుళం, విశాఖపట్నం, కృష్ణా, గుంటూరు, చిత్తూరు జిల్లాల పేర్లు అప్పుడు వార్తల్లోకి వచ్చాయి. అది దూరిన లోపానికి మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న, మరమ్మతు విడుదల చేసింది. ఆ అప్‌డేట్ వేసుకోని కంప్యూటర్లు దొరికిపోయాయి. 2014లోనే మద్దతు ముగిసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా కంపెనీ అప్పటికప్పుడు ప్రత్యేకంగా మరమ్మతు ఇవ్వాల్సి వచ్చింది.

అందుకని రేపే కొంప మునుగుతుందన్న కంగారూ వద్దు, ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కాబట్టి ఇకమీదటా కాదన్న ధీమా వద్దు. బ్యాంకు లావాదేవీలు జరిగే కంప్యూటర్ విషయం కొన్ని వారాల్లో తేల్చండి. నెట్‌కి తగిలించని కంప్యూటర్ విషయం తీరిగ్గా ఆలోచించవచ్చు.

నాలుగు దారులు, ఒక గొయ్యి

మొదటి దారి విండోస్ 11. మీ విండోస్ 10 అసలుదై, కంప్యూటర్‌కి అర్హత ఉంటే ఇది ఉచితం. ఇంటెల్ అయితే సుమారుగా ఎనిమిదో తరం, ఆపై ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం ఉండాలి. ‘పీసీ హెల్త్ చెక్’ అనే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రాము నడిపితే అర్హత ఉందో లేదో అదే చెబుతుంది. టీపీఎం ఉండి కూడా, కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగులు ఉండే బయోస్‌లో ఆపేసి ఉంటే ‘లేదు’ అనే చూపిస్తుంది. ఆన్ చేస్తే పని అయిపోవచ్చు. ఈ పరీక్ష చేయకుండానే కంప్యూటర్‌ని పాతసామానుకి వేసేవాళ్లు చాలామంది.

రెండోది గడువు పొడిగింపు. ఇళ్లలో వాడే విండోస్ 10కి 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇచ్చే పథకాన్ని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగులు బ్యాకప్ చేసుకునేవాళ్లు డబ్బు కట్టనక్కర్లేదు. ఇది ఆలోచించుకోవడానికి దొరికే వ్యవధి. అదే పరిష్కారం అనుకుని కూర్చుంటే గడువు ముగిశాక ఇదే ప్రశ్న ముందుకొస్తుంది.

మూడోది లినక్స్. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు పనిముట్లు, 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన కెర్నల్ (సిస్టమ్ మూలభాగం) కలిసి తయారైన కుటుంబం ఇది. ఎవరైనా వాడుకోవచ్చు, పంచుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఇందులో ఎన్నో రకాలున్నాయి, వాటి సంగతి తర్వాత చూద్దాం. మీకు ఇది మరీ కొత్తదేం కాదు. మీ జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ నడిచేది లినక్స్ కెర్నల్ మీదే.

నాలుగోది గూగుల్ 2022లో విడుదల చేసిన క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్. 4 జీబీ ర్యామ్ చాలు, వైరస్‌ల బెడద తక్కువ, నేర్చుకోవాల్సిందీ తక్కువ. కానీ పనంతా దాదాపు బ్రౌజర్‌లోనే. ఫోన్‌లో ఉండే ప్లే స్టోర్ ఇందులో ఉండదు. నెట్ లేకపోతే చేయగలిగింది కొంచెమే. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత ఉద్దానం రోజుల తరబడి ఎలా ఉందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. కరెంటుని జనరేటర్‌తో తెచ్చుకోగలం, సిగ్నల్‌ని తెచ్చుకోలేం. ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటర్‌లో దీన్ని పెట్టేముందు ఆ రోజులు గుర్తు చేసుకోండి.

ఇక గొయ్యి. కొద్ది రూపాయలకు షాపులో వేసి ఇచ్చే క్రాక్ విండోస్. దాన్ని నడిపించే ప్రోగ్రాములు చాలావరకు ముందు యాంటీవైరస్ ఆపేయమంటాయి. అలా అడిగే ప్రోగ్రాము లోపల ఇంకేం పెడుతుందో చూసే దిక్కుండదు. అదే కంప్యూటర్‌లో మీ ఆధార్, పాన్, పట్టాదారు పాసుపుస్తకం కాపీలు ఉంటాయి. తప్పొప్పుల సంగతి పక్కన పెట్టినా ఇది నష్టపు బేరం. కొనే స్తోమత లేక క్రాక్ వాడుతున్నవాళ్లకు లినక్స్ ఉచితంగా, చట్టబద్ధంగా దొరుకుతోంది.

పనుల పట్టిక

ఒక తెల్లకాగితం తీసుకుని మూడు గళ్లు గీయండి: ఎవరు, ఏ పని, దేనితో. దాన్ని కంప్యూటర్ పక్కన గోడకి అంటించి ఒక వారం ఉంచండి. ఇంట్లో ఎవరు ఏ పని చేసినా అందులో రాయాలి. గుర్తున్నవన్నీ ఒక్కసారే కూర్చుని రాసేయొద్దు. చేస్తున్నామని మనం అనుకునేది వేరు, చేసేది వేరు. ‘ఫొటోషాప్ లేకపోతే కుదరదు’ అనే అబ్బాయి వారమంతా దాన్ని తెరవకపోవచ్చు. ఎప్పుడో ఒకసారి వాడతాననే ప్రింటర్‌ని ఇంటావిడ మూడుసార్లు వాడి ఉండవచ్చు.

వారం తర్వాత ఒక్కో పని పక్కన మూడు ముద్రల్లో ఒకటి వేయండి.

‘బ్రౌజర్’ అనేది మొదటి ముద్ర. రైలు టికెట్లు, బ్యాంకు, డిజిలాకర్, వాట్సాప్ వెబ్, యూట్యూబ్, ఉద్యోగ దరఖాస్తులు ఇందులోకి వస్తాయి. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ ఎక్కడ నడిస్తే ఇవి అక్కడ నడుస్తాయి. సిస్టమ్ ఏదైనా తేడా తెలియదు.

‘బదులుంది’ అనేది రెండోది. వర్డ్, ఎక్సెల్ బదులు లిబ్రే ఆఫీస్, ఫొటోలు సరిచేయడానికి గింప్, సినిమాలకు వీఎల్‌సీ. లిబ్రే ఆఫీస్ వర్డ్ ఫైళ్లను తెరుస్తుంది, ఆ రకంలోనే సేవ్ చేస్తుంది కూడా. మ్యాక్రోలు రాసిన ఎక్సెల్ షీట్లు, పేజీ అమరిక బాగా బిగించిన ఫైళ్లు మాత్రం అటూ ఇటూ అవుతాయి. మీ ఫైళ్లలో అలాంటివి ఏవో గుర్తించి పక్కన చుక్క పెట్టుకోండి.

‘బదులు లేదు’ అనేది మూడోది, నిర్ణయం తేల్చేది ఇదే. టాలీ విండోస్ కోసం తయారైంది. జీఎస్టీ ఆఫ్‌లైన్ టూల్ అంతే. అను స్క్రిప్ట్‌తో పేజ్‌మేకర్‌లో చేసే తెలుగు పని అంతే. ఆధార్ వేలిముద్ర తీసుకునే పరికరాల సాఫ్ట్‌వేర్‌ని ప్రధానంగా విండోస్, ఆండ్రాయిడ్‌ల కోసమే ఇస్తున్నారు. కొన్ని కంపెనీల ఆన్‌లైన్ పరీక్షలకు వాడే సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్‌కి లినక్స్ రూపం లేదు. వాలరెంట్ ఆట లినక్స్‌లో నడవదు. వైన్ అనే ప్రోగ్రాముతో కొన్ని విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడపవచ్చన్నది నిజమే. అయితే మీ బతుకుతెరువు ఆధారపడిన ప్రోగ్రాముని దాని మీద నమ్మి వదలొద్దు.

ప్రింటర్‌ని విడిగా రాయండి, మోడల్ నంబరుతో సహా. హెచ్‌పీ ప్రింటర్లకు లినక్స్‌లో మద్దతు బాగుంటుంది. లేజర్‌జెట్ 1020 లాంటి కొన్నింటికి మాత్రం అదనంగా ఒక ప్లగిన్ దింపుకోవాలి. మన జిరాక్స్ షాపుల్లో ఎక్కడ చూసినా కనిపించే క్యానన్ ఎల్‌బీపీ 2900 లినక్స్‌తో పేచీ పెట్టే రకం. నడిపించినవాళ్లు ఉన్నారు గానీ ఓపిక కావాలి. సిస్టమ్ మారిన మర్నాడే ప్రింటు రాకపోతే ఇంట్లో ఆ మార్పుకి ఉన్న పరువంతా పోతుంది.

నాలుగు ఇళ్ల లెక్క

పట్టిక చేతిలో ఉంటే తీర్పు ఎలా వస్తుందో మన చుట్టుపక్కల ఉండే నాలుగు రకాల ఇళ్లలో చూద్దాం.

భావనపాడులో ఒక ఇల్లు. తండ్రి వేటకెళ్తాడు. కొడుకు టెక్కలిలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వాడిన ల్యాప్‌టాప్ ఒకటి కొన్నారు: ఆరో తరం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్. విండోస్ 11కి అర్హత లేదు. పట్టికలో సీ, పైథాన్, జావా ప్రోగ్రాములు, యూట్యూబ్ పాఠాలు, రికార్డులు రాసుకోవడం ఉన్నాయి. ఇవన్నీ లినక్స్‌లో హాయిగా నడుస్తాయి. పైగా కంపెనీల సర్వర్లలో ఎక్కువ భాగం నడిచేది లినక్స్ మీదే కాబట్టి ఇప్పుడు నేర్చుకున్నది రేపు ఉద్యోగంలో పనికొస్తుంది. ప్లేస్‌మెంట్ పరీక్ష రోజుకి విండోస్ కావాలంటే కాలేజీ ల్యాబ్ ఉంది. తీర్పు: లినక్స్. మిగిలిన డబ్బుతో ర్యామ్ 8 జీబీ చేసి, పాత హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయించడం.

కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారి ఇల్లు. కింద బట్టీ, పైన కాపురం. ఒక్క కంప్యూటర్‌లోనే టాలీ లెక్కలు, జీఎస్టీ, రాత్రి పిల్లల సినిమాలు. గుమస్తా టాలీకి అలవాటుపడ్డాడు, ఆడిటర్ టాలీ ఫైలే అడుగుతాడు. ఇక్కడ లినక్స్ మీద ఇష్టంతో సిస్టమ్ మారిస్తే నెలాఖరు రిటర్నుల దగ్గర దొరికిపోతారు. తీర్పు: లెక్కల కంప్యూటర్‌కి అసలైన విండోస్ 11, అర్హత లేకపోతే కొత్త యంత్రం. పాతదాంట్లో లినక్స్ వేసి పిల్లలకు ఇవ్వడం. ఈ ఇంట్లో అసలు లాభం సిస్టమ్ మార్పులో లేదు, లెక్కలనీ సినిమాలనీ విడదీయడంలో ఉంది.

టెక్కలిలో డీటీపీ, జిరాక్స్ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు. ఏళ్ల తరబడి చేసిన డిజైన్లన్నీ అను అక్షరాల్లో, పేజ్‌మేకర్ ఫైళ్లలో ఉన్నాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత అడోబీ దాన్ని పక్కనపెట్టేసింది. అయినా షాపు దాని మీదే బతుకుతోంది. ఇక్కడ పాత విండోస్ కంప్యూటర్‌ని ఉంచుకుని, నెట్ తీగ పీకేయడం తెలివైన పని. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌తో తెచ్చేటప్పుడు ముందు ఇంకో కంప్యూటర్‌లో వైరస్ పరీక్ష చేయాలి. ఆన్‌లైన్ దరఖాస్తులకు, మెయిల్‌కి ఆ రెండో కంప్యూటర్ లినక్స్‌ది కావచ్చు. కొత్త పనులు ఇప్పటినుంచే యూనికోడ్‌లో మొదలుపెడితే ఇంకో అయిదేళ్లకు ఈ ముడి దానంతటదే వదులవుతుంది.

కవిటి కొబ్బరితోటల మధ్య ఒక విశ్రాంత ఉద్యోగుల జంట. మనవల ఫొటోలు, వీడియో కాల్, పింఛను పనులు, తెలుగు పేపరు చదవడం. అన్నీ ‘బ్రౌజర్’ ముద్రవే. సాంకేతికంగా ఏ సిస్టమైనా సరిపోతుంది. అందుకని ఇక్కడ తీర్పు చెప్పాల్సింది హైదరాబాద్‌లో ఉన్న కూతురు. ఏదైనా ఆగిపోతే ఫోన్ చేసేది తనకే. ఆమెకు లినక్స్ తెలిసి, రస్ట్‌డెస్క్ లాంటి ప్రోగ్రాముతో అక్కడినుంచే తెర చూసి సరిచేయగలిగితే లినక్స్ పెట్టవచ్చు. తెలియకపోతే ఆమె వాడేదే వీళ్లకూ ఉండాలి.

తోడు ఎవరు?

సిస్టమ్ కన్నా తోడు ముఖ్యమని ఆ నాలుగో ఇల్లు చెప్పిన సంగతి మిగతా ఇళ్లకూ వర్తిస్తుంది. కేరళ ప్రభుత్వ బడుల్లో కంప్యూటర్లు పదిహేనేళ్లకు పైగా లినక్స్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద నడుస్తున్నాయి. అక్కడ పాఠ్యపుస్తకాలు వాటి మీదే రాశారు, టీచర్లకు శిక్షణ ఇచ్చారు, పరీక్షలు వాటి మీదే పెట్టారు. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ 2000ల దశకంలో వేల కంప్యూటర్లను లినక్స్‌కి మార్చింది. 2017లో నగర మండలి తిరిగి విండోస్‌కే వెళ్లాలని ఓటేసింది. బయటి కార్యాలయాలతో ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవడంలో ఇబ్బందులు, సిబ్బంది ఫిర్యాదులు, రాజకీయం అన్నీ అందులో కలిశాయి. రెండుచోట్లా లినక్స్ ఒకే కుటుంబానిది. చుట్టూ అల్లుకున్న సాయం వేరు.

మీ ఇంటికి వస్తే: ఆగిపోయిన రాత్రి మీరు ఎవరికి ఫోన్ చేస్తారు? ఆ పేరు పట్టిక అడుగున రాయండి. పేరు లేకపోతే మార్పుని వాయిదా వేయండి, లేదా ఆ తోడు మీరే అయ్యేలా ముందు నేర్చుకోండి. పలాస, టెక్కలి రిపేరు షాపుల్లో ఎక్కువమందికి తెలిసింది విండోసే. లినక్స్ కంప్యూటర్ తీసుకెళ్తే ‘ఫార్మాట్ కొట్టేస్తాను’ అనేవాళ్లు ఉంటారు. ముందే చెప్పి ఒప్పించుకోవాలి.

లినక్స్ అయితే ఏది?

రకాలు వందల్లో ఉన్నాయి. మీరు చూడాల్సినవి అయిదారు.

విండోస్ అలవాటు ఉన్న ఇంటికి మొదట చూడదగ్గది లినక్స్ మింట్. 2006లో క్లెమెంట్ లెఫెబ్వ్ర్ మొదలుపెట్టాడు. స్టార్ట్ మెనూ, కింది పట్టీ, ఫైళ్ల కిటికీ తెలిసిన చోటే ఉంటాయి. ఉబుంటు 24.04 మీద కట్టిన మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు ఉంటాయి. 2 జీబీ ర్యామ్‌తో మొదలవుతుంది, 4 జీబీ ఉంటే సుఖం. ర్యామ్ 4 జీబీ లేదా అంతకన్నా తక్కువైతే మింట్‌లోనే ఎక్స్ఎఫ్‌సీఈ రూపం, 8 జీబీ ఉంటే సినమన్ రూపం తీసుకోండి.

ఉబుంటుకి వాడేవాళ్లు ఎక్కువ, కాబట్టి చిక్కొస్తే జవాబు వెతుక్కోవడం తేలిక. మింట్ దానిమీదే కట్టింది కాబట్టి ఆ జవాబుల్లో చాలావరకు మింట్‌కీ పనికొస్తాయి. జోరిన్ ఓఎస్ పైకి అందంగా ఉంటుంది. విండోస్ 10 మద్దతు ముగిసిన రోజునే తన 18వ రూపాన్ని విడుదల చేసింది.

మనవాళ్లు చేసినవీ ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ 2007లో బాస్ లినక్స్ తెచ్చింది, అందులో తెలుగుతో సహా భారతీయ భాషలు ఉన్నాయి. హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమకారులు నడిపే ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగులో కనిపించే లినక్స్‌ని తయారుచేసింది. మెనూలు తెలుగులో చూడొచ్చన్న నమ్మకం కలిగించిన పని అది. అభిమానం ఉండాల్సిందే. ఎంపికలో మాత్రం అప్‌డేట్లు ఎంత తరచుగా వస్తున్నాయి, మీ తోడుకి అది తెలుసా అన్న రెండు ప్రశ్నలూ వీటికీ వేయాలి.

మరీ పాత 32 బిట్ కంప్యూటర్ ఉంటే పైవాటిలో ప్రధానమైనవి పనికిరావు. డెబియన్ అనే లినక్స్ రకం కూడా 2025 ఆగస్టులో వచ్చిన 13వ రూపంతో 32 బిట్ ఇన్‌స్టాలర్ ఆపేసింది. యాంటిఎక్స్ లాంటి ఒకటి రెండు మిగిలాయి. అలాంటి యంత్రం మీద ఎక్కువ కష్టపడటం దండగ. టైపింగ్ నేర్చుకోవడానికి చాలు.

కోసి చూసి ధర కట్టండి

పలాసలో జీడిపిక్కలు కొనేవాడు 80 కిలోల బస్తా పైపైన చూసి ధర చెప్పడు. గుప్పెడు పిక్కలు తీసి కోసి, లోపల పప్పు ఎంత ఉంది, పుచ్చు ఎంత ఉందో చూశాకే మాట్లాడతాడు. లినక్స్‌ని కూడా అలాగే, లోపల వేయకుండానే చూడవచ్చు. పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా నడుస్తుంది. మీరు ఇన్‌స్టాల్ బొమ్మ నొక్కనంతవరకు మీ విండోస్‌కి, ఫైళ్లకు ఏమీ కాదు.

చేసే తీరు ఇది. మింట్ అధికారిక సైట్ నుంచి ఐఎస్ఓ ఫైలు దింపుకోండి. అది 3 జీబీకి దగ్గరగా ఉంటుంది. రోజుకి ఒకటిన్నర, రెండు జీబీలిచ్చే ఫోన్ ప్యాక్‌తో మధ్యలో ఆగిపోతుంది, కాబట్టి ఫైబర్ ఉన్న ఇంట్లో దింపండి. సైట్‌లో ఇచ్చిన, ఫైలు చెడకుండా వచ్చిందో తేల్చే చెక్‌సమ్‌తో సరిపోయిందో లేదో చూడండి. ఖాళీ చేసిన 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి రూఫస్ లేదా ఎచర్‌తో ఎక్కించండి. మామూలుగా కాపీ చేస్తే పనిచేయదు. పెన్‌డ్రైవ్ పెట్టి కంప్యూటర్ ఆన్ చేస్తూ బూట్ మెనూ కీ నొక్కండి: డెల్, లెనోవో, ఏసర్‌లలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాప్‌లో ఎస్కేప్.

తెరుచుకున్నాక అందం చూస్తూ కూర్చోవద్దు. వరసగా పరీక్షించండి: వైఫై, శబ్దం, కెమెరా, ప్రింటర్, తెర వెలుతురు, మూసి తెరిస్తే మేలుకోవడం. వైఫై దొరక్కపోతే ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టండి, దాదాపు ఎప్పుడూ పనిచేస్తుంది. మీ వర్డ్, ఎక్సెల్ ఫైళ్లలో చుక్క పెట్టుకున్నవి తెరిచి చూడండి. పెన్‌డ్రైవ్ నుంచి కాస్త నెమ్మదిగా నడవడం మామూలే. కానీ ఇక్కడా మాటిమాటికీ బిగుసుకుపోతుంటే, తనంతట తనే ఆగిపోతుంటే తప్పు విండోస్‌ది కాదు. సముద్రపు ఉప్పుగాలికి ర్యామ్ అంచులు తుప్పు పట్టి ఉండవచ్చు, పవర్ సప్లయ్ బలహీనపడి ఉండవచ్చు. ముందు అది బాగుచేయించండి.

తిరుగుదారి

వెనక్కి వచ్చే దారి తెలిసినవాడికే ముందుకు వెళ్లే ధైర్యం నిజంగా ఉంటుంది. ఇన్‌స్టాల్‌కి ముందు నాలుగు పనులు చేయండి.

ఫైళ్లకు రెండు నకళ్లు తీయండి. ఒకటి బయటి హార్డ్‌డిస్క్‌లో, ఇంకొకటి ఊరికి దూరంగా, హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉన్న బంధువుల దగ్గర. తిత్లీకి ఇంటి కప్పులు లేచిపోయిన ప్రాంతం మనది. రెండు నకళ్లూ ఒకే బీరువాలో పెడితే అవి ఒకటి కిందే లెక్క.

డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఏర్పాటు బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. అది లేకుండా బయోస్ సెట్టింగులు మారిస్తే మీ ఫైళ్లు మీకే తెరుచుకోకపోవచ్చు.

మొదట విండోస్‌ని ఉంచి పక్కన లినక్స్ వేయండి. ఆన్ చేసినప్పుడల్లా ఏది కావాలో అడుగుతుంది. వీలైతే ఇంకా మంచి పద్ధతి, పాత డిస్క్ తీసి దాచి కొత్త ఎస్ఎస్‌డీలో లినక్స్ వేయడం. నచ్చకపోతే పాత డిస్క్ తిరిగి బిగిస్తే చాలు.

ఇన్‌స్టాల్ జరుగుతుండగా కరెంటు పోకూడదు. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండుగా ఉంచి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ పెట్టి మొదలుపెట్టండి. ఈదురుగాలి, మబ్బు ఉన్న సాయంత్రం ఆ పని పెట్టుకోవద్దు.

మొదటి నెల

మొదటి రోజే తెలుగు టైపింగ్ అమర్చుకోండి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లినక్స్‌లో ముందునుంచే ఉంటుంది. ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటు ఉంటే ఐబస్, దానితోపాటు ఎం17ఎన్ వేసుకుంటే ఆర్‌టీఎస్, పోతన పద్ధతులు దొరుకుతాయి. పోతన, వేమన, లోహిత్ ఫాంట్లు ఉచితం. తెలుగు రాయలేని కంప్యూటర్‌ని ఇంట్లో పెద్దవాళ్లు తమదిగా అనుకోరు.

ప్రోగ్రాములను సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచే వేసుకోండి. ఎక్కడో చదివిన కమాండ్‌ని అర్థం తెలియకుండా టెర్మినల్‌లో అతికించవద్దు. ‘సుడో’తో మొదలయ్యేవాటికి మొత్తం సిస్టమ్ మీద అధికారం ఉంటుంది.

ఆగిపోయిన ప్రతిసారీ ఒక పుస్తకంలో ఒక వరుస రాయండి: ఏ పని, ఎలా తేలింది. నెలాఖరున చదవండి. మొదటి వారం నిండా ఉండి, నాలుగో వారానికి పలచబడితే అది అలవాటు లేకపోవడం వల్ల వచ్చిన ఇబ్బంది, గడిచిపోయింది. ఒకే పని నాలుగు వారాలూ ఆగుతుంటే అది మీరు ‘బదులుంది’ అని పొరపాటున ముద్ర వేసిన ‘బదులు లేదు’. ఆ ఒక్క పని కోసం విండోస్‌కి వెళ్లడంలో ఓటమి ఏమీ లేదు. విండోస్‌ని ఉంచింది అందుకే.

ఈ వారం చేయాల్సినవి

1. పనుల పట్టిక గోడకి అంటించండి.
2. కంప్యూటర్ వివరాలు రాయండి: ప్రాసెసర్ తరం, ర్యామ్, డిస్క్, 32 బిట్టా 64 బిట్టా, ప్రింటర్ మోడల్.
3. పీసీ హెల్త్ చెక్ నడిపి ఫలితం పక్కన రాయండి.
4. రెండు నకళ్లు తీసి, ఒకటి ఊరు దాటించండి.
5. పెన్‌డ్రైవ్‌తో లినక్స్‌ని ఒక సాయంత్రం నడిపి చూడండి.
6. చివరగా ఈ నాలుగు ఖాళీలు, ఇదే వరసలో నింపండి: “మా ఇంట్లో ఎక్కువగా జరిగే పని ______. బదులు లేని పని ______. ఆగిపోతే సాయం చేసేది ______. అందుకని మా సిస్టమ్ ______.”

మొదటి మూడూ వదిలేసి నాలుగోదే ముందు నింపాలని చెయ్యి వెళ్తుంటే, మీరు ఇంకా ఎవరో చెప్పిన మాటే రాస్తున్నారన్నమాట. పెన్ను పక్కన పెట్టి పట్టికని ఇంకో వారం గోడ మీదే ఉంచండి.